‘కల్లోలిత’: ఒక ఇంగ్లీషు మాట ఏలుబడి

తెలుగువారి నిత్య సంభాషణలో స్థిరపడిపోయిన ఇంగ్లీషు మాటల్లో మనసు చెదరడానికి సంబంధించినవి చాలా ఉన్నాయి. డిస్టర్బ్ అయ్యామని, అప్‌సెట్ అయ్యామని, కన్ఫ్యూజ్ అయ్యామని అనుకోని రోజు ఉండదు. కలత, కలవరం, కంగారు, గాభరా, తికమక వంటి సొంత మాటలు ఇంట్లోనే ఉన్నా ఈ అరువు మాటలే ముందుగా నోటికి వస్తాయి. వీటిలో చాలా వరకు మనిషి మనసును దాటి వెళ్లవు. ‘డిస్టర్బ్’ మాత్రం దాటింది. మనసు నుంచి వీధికి, వీధి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజ్యాంగానికి ఎక్కింది. ఎవరిమీద తుపాకీ పేల్చవచ్చు, ఎవరిని విచారణ లేకుండా నిర్బంధించవచ్చు, ఎక్కడ ఎవరు ఇల్లు అమ్ముకోవచ్చు అన్న ప్రశ్నలకు భారత ఉపఖండంలో 160 ఏళ్లకు పైగా ఈ మాటే తరచుగా జవాబు చెబుతూ వచ్చింది.

ఆ మాట పుట్టుకలోనే కొంత రాజకీయం ఉంది. దాని మూలం లాటిన్‌లోని ‘టుర్బా’. ఆ పదానికి గందరగోళం అనీ, గుంపు అనీ రెండర్థాలు. అంటే జనం గుమిగూడడం, శాంతి చెడడం ఆ భాషలో ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లండు న్యాయ సంప్రదాయంలో శాంతి రాజుగారిది. దొంగతనమైనా కొట్లాటైనా భంగపడేది ‘రాజు శాంతి’. కాబట్టి ‘డిస్టర్బెన్స్’ అన్నప్పుడు ఎవరి నిద్ర చెడిందన్నది చెప్పకుండానే తెలుస్తుంది. ఎవరు చెరిచారు, ఎందుకు చెరిచారు అన్నవి మాత్రం ఆ మాటలో ఉండవు. తిరుగుబాటు అంటే తిరగబడినవాడొకడు ఉంటాడు. సమ్మె అంటే కూలివాడు, యజమాని కనిపిస్తారు. కల్లోలం అంటే ఎవరూ కనిపించరు, ఒక స్థితి మాత్రమే కనిపిస్తుంది. పాలకులకు ఈ మాట అంతగా నచ్చడానికి కారణం ఇదే.

1857 తిరుగుబాటు చల్లారిన కొద్ది కాలానికే, 1861లో, వలస ప్రభుత్వం పోలీసు చట్టం చేసింది. అందులోని 15వ సెక్షన్ ‘కల్లోలిత లేదా ప్రమాదకర’ ప్రాంతాల్లో అదనపు పోలీసులను దించడానికి వీలు కల్పించింది. ఆ పోలీసుల ఖర్చును అక్కడి నివాసులే భరించాలి. ప్యూనిటివ్ పోలీసు అని జనం పిలుచుకున్నది ఈ ఏర్పాటునే. నేరం చేసినవాణ్ణి గుర్తించి శిక్షించడం మామూలు చట్టం పని. ఇక్కడ నేరస్థుడికి బదులు నేలను గుర్తించారు. ఆ నేలమీద ఉన్న పాపానికి అందరూ డబ్బు కట్టారు. వ్యక్తి దోషం స్థల దోషంగా మారడం అక్కడే మొదలైంది.

ఆ తరువాత వలస ప్రభుత్వం ప్రతి పెద్ద ఘట్టాన్నీ ఈ కుటుంబపు మాటలతోనే నమోదు చేసుకుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో జరిగిన కాల్పుల్లో, అధికారిక లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. దానిపై లార్డ్ హంటర్ అధ్యక్షతన నియమించిన సంఘానికి పెట్టిన పేరు ‘అల్లర్ల విచారణ సంఘం’. చంపినది సైన్యం, విచారణ పేరు మాత్రం అల్లర్లమీద. 1942 ఉద్యమం తరువాత, 1943 ఫిబ్రవరిలో, హోం శాఖ ఒక పుస్తకం ప్రచురించింది. 1942-43 కల్లోలాలకు కాంగ్రెస్ బాధ్యత ఎంత అన్నదే దాని విషయం, అదే దాని శీర్షిక కూడా. ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్న గాంధీ అదే ఏడాది జులైలో దానికి సుదీర్ఘమైన సమాధానం రాశారు. నాయకులను మూకుమ్మడిగా అరెస్టు చేసిన ప్రభుత్వ చర్యే హింసకు దారి తీసిందన్నది ఆయన వాదన. ఆ వివాదంలో ఒక పక్షం ‘కల్లోలం’ అంటే, రెండవ పక్షం ‘దాన్ని లేపింది ఎవరు’ అని అడిగింది. ఆ ప్రశ్న అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ మాట వెన్నంటే నడుస్తోంది.

1942 ఆగస్టు 15న వైస్రాయి లిన్‌లిత్‌గో సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల ఆర్డినెన్స్ జారీ చేశారు. ప్రాణం పోయేంతటి బలప్రయోగానికి ఆదేశమివ్వగల అధికారం దాని కింద కెప్టెన్‌కు తగ్గని హోదా ఉన్నవారికి దక్కింది. ఈ హోదా సంగతి ఒకసారి గుర్తుంచుకోవాలి.

రాజ్యాంగంలోకి ఈ మాట వచ్చిన దారి వేరు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 102వ సెక్షన్, యుద్ధం వల్ల గాని ‘ఆంతరంగిక కల్లోలం’ వల్ల గాని దేశ భద్రతకు ముప్పు వాటిల్లితే అత్యవసర ప్రకటన చేయవచ్చునంది. స్వతంత్ర భారత రాజ్యాంగ ముసాయిదాలో మొదట ఉన్న మాటలు యుద్ధం, దేశీయ హింస. 1949 ఆగస్టులో చర్చకు వచ్చేసరికి ‘దేశీయ హింస’ స్థానంలో బయటి దురాక్రమణ, ఆంతరంగిక కల్లోలం అన్న పదాలు చేరాయి. హింస అనేది కనీసం కంటికి కనిపించే పని. కల్లోలం చూసేవాడి అంచనా. సంకుచితమైన మాట పోయి విశాలమైన మాట వచ్చింది. సభలో హరి విష్ణు కామత్ ఈ అధ్యాయాన్ని గట్టిగా వ్యతిరేకించారు. జర్మనీలో వైమార్ రాజ్యాంగపు అత్యవసర అధికారాలు ఏ గతికి దారి తీశాయో గుర్తు చేశారు. విభజన రక్తపాతం, కాశ్మీరు యుద్ధం, తెలంగాణ సాయుధ పోరాటం కళ్లముందున్న రోజులవి. కేంద్రానికి బలం కావాలన్న వాదనే నెగ్గింది. 352వ అధికరణంలో ఆ మాట స్థిరపడింది.

ఆ మాట 25 ఏళ్లు అక్కడ నిద్రపోయింది. 1962లోనూ, 1971లోనూ ప్రకటించిన అత్యవసర పరిస్థితులకు బయటి దురాక్రమణే ఆధారం. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నికను రద్దు చేసింది. జూన్ 24న సుప్రీంకోర్టు షరతులతో కూడిన స్టే ఇచ్చింది. మరునాడు సాయంత్రం రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ సభ జరిగింది. ఆ రాత్రే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసిన ప్రకటన, ఆంతరంగిక కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు ఏర్పడిందని చెప్పింది. ఏ కల్లోలం, ఎక్కడ, ఎవరివల్ల అన్న వివరం అందులో లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఆ మాట వివరం అడగదు.

అప్పటి కేంద్ర హోం మంత్రి తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానంద రెడ్డి. షా కమిషన్ నమోదు చేసిన కథనం ప్రకారం ఆయనకు విషయం తెలిసింది ఆ రాత్రి ప్రధాని నివాసానికి పిలిపించిన తరువాతే. 1971 నాటి అత్యవసర పరిస్థితి ఇంకా అమలులోనే ఉంది కదా, ఉన్న అధికారాలు చాలవా అన్న సందేహాన్ని ఆయన వ్యక్తం చేశారు. అది పరిశీలించామని, కొత్త ప్రకటన అవసరమేనని జవాబు వచ్చింది. ఆయన రాష్ట్రపతికి వెళ్లవలసిన లేఖపై సంతకం చేశారు. మంత్రివర్గం సమావేశమైంది మరునాటి ఉదయం. శాంతిభద్రతలకు బాధ్యుడైన మంత్రికే ముందుగా తెలియని కల్లోలం అది. దేశంలో శాంతిభద్రతలు కుప్పకూలాయనడానికి ఆనాటి అధికారిక నివేదికల్లో ఆధారం దొరకలేదని కమిషన్ తేల్చింది. ఆ కాలంలో మీసా కింద 34,988 మందిని, భారత రక్షణ నియమాల కింద 75,818 మందిని నిర్బంధించినట్టు లెక్క కట్టింది.

జనతా ప్రభుత్వం 1978లో చేసిన 44వ సవరణను సాధారణంగా ఎమర్జెన్సీకి వేసిన కళ్లెంగా చెబుతారు. అందులోని అసలు కీలకం ఒక పదం మార్పిడి. 352వ అధికరణంలో ‘ఆంతరంగిక కల్లోలం’ తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని రాశారు. స్థితిని చెప్పే మాట పోయి చర్యను చెప్పే మాట వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం ఆయుధాన్నీ చూపించాలి, తిరగబడినవాణ్ణీ చూపించాలి. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి చేరాలి, నెల లోపల పార్లమెంటు ప్రత్యేక ఆధిక్యంతో ఆమోదించాలి. 1949లో హెచ్చరించిన కామత్ ఈ సవరణ చేసిన లోక్‌సభలో సభ్యుడు. 1977లో హోషంగాబాద్ నుంచి గెలిచి వచ్చారు. తన హెచ్చరిక నిజమైన తరువాత దిద్దుబాటును కూడా చూడగలిగిన అరుదైన ప్రజాప్రతినిధి ఆయన.

అయితే ఆ దిద్దుబాటు పూర్తి కాలేదు. రాష్ట్రాలను ఆంతరంగిక కల్లోలం నుంచి కాపాడే బాధ్యతను కేంద్రంపై పెట్టిన 355వ అధికరణంలో పాత మాట అలాగే ఉండిపోయింది. 1988లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 59వ సవరణతో పంజాబ్ ఒక్కదాని కోసం దాన్ని 352వ అధికరణంలోకి కూడా తిరిగి తెచ్చింది. విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ ప్రభుత్వం 63వ సవరణతో దాన్ని మళ్లీ తొలగించింది. పదేళ్ల కిందట సిగ్గుపడి తీసేసిన మాట అంత తేలిగ్గా తిరిగి రాగలిగింది.

రాజ్యాంగంలో ఇంత పోరాటం జరుగుతూ ఉండగా, అదే మాట సాధారణ చట్టాల్లో ఏ అడ్డూ లేకుండా విస్తరించింది. విభజన అల్లర్ల సమయంలో, 1947లో, బెంగాల్, అస్సాం, తూర్పు పంజాబ్-ఢిల్లీ, సంయుక్త రాష్ట్రాల కోసం కల్లోలిత ప్రాంతాల ఆర్డినెన్సులు వచ్చాయి. నాగా కొండల్లో సాయుధ పోరు ముదిరిన తరువాత 1958లో గోవింద వల్లభ పంత్ హోం మంత్రిగా ఉండగా సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం అస్సాం, మణిపూర్‌ల కోసం పార్లమెంటు ఆమోదం పొందింది. మణిపూర్ సభ్యుడు లైష్రామ్ అచౌ సింగ్ లోక్‌సభలో దాన్ని ఎదిరించారు. ఆయన మాట నెగ్గలేదు.

ఆ చట్టంలోని 3వ సెక్షన్‌లో ఉన్న మాటలు ‘కల్లోలిత లేదా ప్రమాదకర స్థితి’. 1861 పోలీసు చట్టపు జంట పదాలే దాదాపు 100 ఏళ్ల తరువాత స్వతంత్ర పార్లమెంటు చేసిన చట్టంలో కనిపించాయి. కల్లోలిత ప్రాంతం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆ చట్టమిచ్చే నిర్వచనం ఇంకా విచిత్రం: కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన ప్రాంతమే కల్లోలిత ప్రాంతం. లిన్‌లిత్‌గో కెప్టెన్‌కు ఇచ్చిన అధికారం ఇక్కడ నాన్-కమిషన్డ్ అధికారి దాకా, అంటే హవల్దార్ స్థాయి దాకా దిగింది. నిషేధం ఉన్నచోట ఐదుగురు గుమిగూడినా, హెచ్చరించిన తరువాత ప్రాణం పోయేలా కాల్చవచ్చు. కేంద్రం అనుమతి లేకుండా ఆ సైనికుడిపై కేసు నడపడానికి వీలు లేదు. గుంపు అన్న లాటిన్ మూలార్థానికి భారత చట్టం చివరికి ఒక అంకె కట్టింది: ఐదు.

ఈ వరసలో తెలుగు నేల కూడా ఉంది. మద్రాసు ప్రభుత్వం 1948లో కల్లోలాల అణచివేత చట్టం చేసింది. ఆ చట్టం ఆంధ్రకు వారసత్వంగా సంక్రమించింది. 1969-70 కాలంలో శ్రీకాకుళం గిరిజన పోరాటంపై దాన్ని ప్రయోగించారు. 1978 అక్టోబరులో కరీంనగర్ జిల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రెండు తాలూకాల్లో అప్పుడు నడుస్తున్నది వెట్టి, కూలి రేట్లు, దొరల ఆక్రమణలో ఉన్న భూముల చుట్టూ పెరిగిన రైతుకూలీ పోరాటం. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన జగిత్యాల జైత్రయాత్ర దాని ఉచ్ఛ దశ. ప్రకటనలో భూమి లేదు, వెట్టి లేదు, కల్లోలం మాత్రమే ఉంది. సంస్కృతంలో కల్లోలమంటే పెద్ద అల. అల ఎందుకు లేచిందని ఎవరూ అడగరు, గాలి వీచిందనుకుంటారు. ఇంగ్లీషు మాటకు తెలుగు పత్రికలు ఎంచుకున్న అనువాదంలో కూడా కారణం కనిపించకుండా పోయింది. ఢిల్లీలో పార్లమెంటు ఆ మాటను రాజ్యాంగం నుంచి తొలగిస్తున్న ఏడాదే రాష్ట్రంలో రెండు తాలూకాలకు అది అంటుకోవడం చరిత్రలో మిగిలిపోయిన వైరుధ్యం.

గుజరాత్‌లో ఈ మాట ఇళ్ల దాకా వెళ్లింది. 1980ల నాటి అహ్మదాబాద్ మత ఘర్షణల తరువాత మొదలై, 1991లో ప్రస్తుత రూపం పొందిన చట్టం ప్రకారం, కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన వాడలో స్థిరాస్తి అమ్మాలంటే కలెక్టరు ముందస్తు అనుమతి ఉండాలి. భయపడి అయినకాడికి ఇల్లు అమ్ముకుని పారిపోయేవారిని కాపాడడం దాని ఉద్దేశం. ఒక మతంవారి వాడలో మరో మతంవారు ఇల్లు కొనలేని పరిస్థితిని అది పెంచిందన్నది దానిపై ఉన్న ప్రధాన విమర్శ. అల్లర్లు ఆగిపోయి ఏళ్లు గడిచినా ప్రకటన మిగిలిపోవడం ఈ చట్టానికీ అఫ్స్పాకూ ఉమ్మడి లక్షణం.

సరిహద్దులు మారినా మాట మారలేదు. 1953లో లాహోర్‌లో అహ్మదీయ వ్యతిరేక హింసపై జస్టిస్ మునీర్ విచారణ జరిపితే ఆ నివేదిక ‘పంజాబ్ కల్లోలాల’ నివేదికగా వెలువడింది. పాకిస్తాన్ ప్రస్తుత రాజ్యాంగంలోని 232వ అధికరణంలో ఆంతరంగిక కల్లోలం ఉంది, కాకపోతే రాష్ట్ర ప్రభుత్వం అదుపు చేయలేనంతటిది అన్న షరతు తోడైంది. బంగ్లాదేశ్ 1972 రాజ్యాంగంలో అత్యవసర అధికారాలే లేవు. 1973లో రెండవ సవరణ వాటిని తెచ్చింది, ఆంతరంగిక కల్లోలంతో సహా. 1974 డిసెంబరులో ముజిబుర్ రహమాన్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, నెల తిరగకముందే ఏకపార్టీ వ్యవస్థ వచ్చింది. ఢాకా తరువాత ఆరు నెలలకు ఢిల్లీ. విడిపోయిన మూడు దేశాలూ వలస చట్టాల పెట్టెలోంచి పంచుకున్న ఆస్తుల్లో ఈ మాట ఒకటి.

ప్రభుత్వం వైపు వాదన తేలికైనదేమీ కాదు. నాగా కొండల్లోనూ, 1980ల పంజాబ్‌లోనూ, 1990 తరువాతి కాశ్మీరులోనూ తుపాకులు నిజం, శవాలు నిజం. సైనికుణ్ణి అక్కడికి పంపిన రాజ్యం అతనికి చట్టపరమైన రక్షణ ఇవ్వక తప్పదు. అన్ని రకాల ఉపద్రవాలనూ ముందే ఊహించి నిర్వచించడమూ సాధ్యం కాదు. 1997లో నాగా ప్రజల మానవ హక్కుల ఉద్యమం వేసిన కేసులో సుప్రీంకోర్టు అఫ్స్పా చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. కాకపోతే ప్రకటనను ఆరు నెలలకొకసారి సమీక్షించాలంది. నిర్వచనం లేని మాటకు కనీసం గడువైనా ఉండాలన్నది దాని సారం. ఆ గడువు క్రమంగా పునరుద్ధరణ తేదీగా మారిపోయింది.

2004లో ఇంఫాల్‌లో తంగ్జామ్ మనోరమ హత్య తరువాత కేంద్రం నియమించిన సంఘానికి అధ్యక్షుడు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. 356వ అధికరణం దుర్వినియోగానికి హద్దులు గీసిన 1994 నాటి బొమ్మై కేసు తీర్పులో ప్రముఖ పాత్ర వహించిన తెలుగు న్యాయమూర్తి ఆయన. 2005లో ఆ సంఘం అఫ్స్పాను రద్దు చేయాలని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2000 నవంబరులో మాలోంలో 10 మంది పౌరులను కాల్చి చంపిన ఘటన తరువాత దీక్షకు దిగిన ఇరోమ్ షర్మిల 2016 ఆగస్టు దాకా దాన్ని కొనసాగించారు. అదే 2016 జులైలో, మణిపూర్‌లో 1,528 మరణాలపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు సూటిగా ఒక మాట చెప్పింది. దశాబ్దాల తరబడి మామూలు పరిస్థితి నెలకొనకపోవడం సైన్యాన్ని నిరవధికంగా మోహరించి ఉంచడానికి సాకు కాజాలదని.

ఆ తరువాత మణిపూర్‌లోనే ఈ మాట డొల్లతనం పూర్తిగా బయటపడింది. 2023 మే 3న మొదలైన హింసలో 250 మందికి పైగా చనిపోయారు. సుమారు 60,000 మంది నిర్వాసితులయ్యారు. పోలీసు ఆయుధాగారాల నుంచి వేలాది తుపాకులు లూటీ అయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరు చివర వెలువడిన నోటిఫికేషన్‌లో కొండ ప్రాంతాలు కల్లోలితాలు. ఇంఫాల్ లోయలోని 19 పోలీసు స్టేషన్ల పరిధి కాదు. ఇళ్లు తగలబడిన చోట కల్లోలం లేదని కాగితం చెప్పింది. 2024 నవంబరులో వాటిలో 6 స్టేషన్లను తిరిగి చేర్చారు. 2025 మార్చి చివరి నోటిఫికేషన్‌లో మిగిలిన 13 మినహాయింపుగానే ఉన్నాయి. లోయను అఫ్స్పా కిందికి తేవాలని గాని, కొండలను అందులోనే ఉంచాలని గాని దీని అర్థం కాదు. హింసకూ ఆ ప్రకటనకూ కొలత ఒకటి కాదన్నదే ఇక్కడ తేలుతున్నది. ఒక ప్రాంతం కల్లోలితమా కాదా అన్నది అక్కడ ఎంతమంది చచ్చిపోయారన్న దానిమీద ఆధారపడలేదు. ఎవరిని నొప్పించగలం, ఎవరిని నొప్పించలేం అన్న లెక్కకూ అందులో వాటా ఉంది.

1978 పార్లమెంటు నేర్పిన పాఠం చిన్నదే. ఆ మాటను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు, దాన్ని మార్చడం వల్ల ఉంది. సాయుధ తిరుగుబాటు ఉన్నచోట ఆ మాటే రాయవచ్చు. మత హింస అయితే మత హింస అని, భూమి తగాదా అయితే భూమి తగాదా అని రాయవచ్చు. అలా రాసిన ప్రభుత్వం చేసిందెవరో చెప్పవలసి వస్తుంది, కారణానికి జవాబుదారీ కావలసి వస్తుంది, అది ఎప్పటికి తగ్గుతుందో లెక్క చూపవలసి వస్తుంది. ‘కల్లోలిత’ అన్న మాట ఈ మూడింటి నుంచీ తప్పిస్తుంది. అందుకే అది 1861 నుంచి ఏ ప్రభుత్వం చేతా పూర్తిగా విడిచిపెట్టబడలేదు. 352వ అధికరణం నుంచి దాన్ని తొలగించడానికి ఈ దేశం లక్షకు పైగా మనుషుల నిర్బంధాన్ని మూల్యంగా చెల్లించింది. 355లోనూ, అఫ్స్పాలోనూ అది ఇప్పటికీ ఉంది.